పిరమైన పూలు, ప్రియమైన వసంతము

ఋతువులారింటిలో నగరవాసికి తెలియకుండ వచ్చి తెలియకుండ పోవునది వసంతమొక్కటే. గ్రీష్మము వచ్చిన సంగతి మేడల గోడలు చెప్పును. వానకాలము వచ్చిన సంగతి వీధులలో నిలిచిన నీరు చెప్పును. చలి వచ్చిన సంగతి ఉన్నిబట్టల అంగళ్ళు చెప్పును. వసంతము వచ్చిన సంగతి చెప్పుటకు మాత్రము నగరమున ఎవరికిని తీరిక లేదు. పల్లెయందైనచో పెరటి మామిడి, పొలిమేర మోదుగు, రచ్చబండ మీది వేప ఒకదాని వెంట ఒకటి చాటింపు వేయును. నగరమున చెట్లు లేకపోలేదు. వాని వంక తలయెత్తి చూచు మనిషే కరవైనాడు.

ఫాల్గుణ చైత్రములలో హైదరాబాదునకు చుట్టపుచూపుగా వచ్చువారు పెక్కురు. వారికి మనము చూపునవి ఏవి? చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగు మ్యూజియము, హుస్సేన్‌సాగరు. ఇవి చూడదగినవే, సందేహము లేదు. కాని ఇవి మాఘములోను ఉండును, శ్రావణములోను ఉండును. వసంతమున వచ్చిన అతిథికి వసంతమున మాత్రమే దొరకునదేదో చూపవలదా? అటువంటి చోటు ఈ నగరమున కలదు. అది గుడిమల్కాపూరు. అక్కడికి శ్రోతలను తీసికొని పోవుటకు ముందు, మన పూర్వులు ఈ ఋతువు నెట్లు జరుపుకొనిరో కొంచెము చెప్పుకొందము.

తెలుగుదేశమున వసంతోత్సవము లనగానే కొండవీటి కుమారగిరిరెడ్డి జ్ఞప్తికి వచ్చును. పదునాలుగవ శతాబ్ది చివర రాజ్యమేలిన ఆ ప్రభువు ఏటేట చేయించిన ఉత్సవముల వలననే ఆయనకు వసంతరాయలను బిరుదు కలిగినది. ఆయన కథనే డాక్టరు సి. నారాయణరెడ్డిగారు 1957లో ‘కర్పూర వసంతరాయలు’ అను కావ్యముగా వెలయించిరి. ఆ వేడుకలకు కావలసిన కర్పూరాది సుగంధద్రవ్యములను సమకూర్చినవారు అవచివారను వర్తకులు. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది ఆ వంశమునకు చెందిన తిప్పయసెట్టికే. ఇందొక విశేషమున్నది. రాజు చల్లిన వసంతము రాజు తోటలో పుట్టినది కాదు. దూరదేశములనుండి మూటలు కట్టుకొని వచ్చినది. వేడుక ఒకరిది, మోత మరియొకరిది. ఈ మాట నొకింత గుర్తుంచుకొందము. గుడిమల్కాపూరులో దీనితో మనకు పని పడును.

ఇక హైదరాబాదు మాట. ఈ నగరమును 1591లో నిర్మించిన మహమ్మదు కులీ కుతుబ్‌షా స్వయముగా కవి. దక్కనీ భాషలో ఆయన వ్రాసిన కవితలలో బసంతు పండుగను గూర్చినవి అనేకము కలవు. పదునేడవ శతాబ్దిలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికులు తవెర్నియే, తెవెనో అనువారలు ఈ ఊరి పేరును ‘బాగ్‌నగర్’ అని వ్రాసికొనిరి. బాగ్ అనగా తోట. ఈనాటికిని నగరపు పేటల పేర్లు చదివినచో ఒక పెద్ద ఉద్యానవనమున తిరుగుచున్నట్లే ఉండును. బషీర్‌బాగు, జాంబాగు, కుందన్‌బాగు, లాల్‌బాగు, కిషన్‌బాగు, రాంబాగు, సీతారాంబాగు, మూసారాంబాగు. తోటలు మాత్రము చాలవరకు పోయినవి, పేర్లు మిగిలినవి. ఒక్కొక్క తోట పోయినప్పుడెల్ల నగరవసంతము ఒక్కొక్క అడుగు వెనుకకు, ఊరి వెలుపలికి జరిగినది. అది జరిగి జరిగి ఎక్కడికి చేరినదో, అక్కడినుండి ప్రతిదినము తెల్లవారకముందే తిరిగి నగరమునకు వచ్చుచున్నది. వచ్చి దిగు రేవు గుడిమల్కాపూరు.

గుడిమల్కాపూరు మెహిదీపట్నము, కార్వాను, అత్తాపూరుల నడుమ ఉన్న పాత బస్తీ. పేరులో మొదట వినబడునది గుడి. ఇక్కడి వేంకటేశ్వరస్వామి ఆలయమును కట్టించినవాడు ఝాంసింగు అను రాజపుత్ర సేనాని. ఆతడు మూడవ నిజాము సికిందర్‌జా కొలువున ఉండెడివాడు. సికిందర్‌జా పాలనము 1803 నుండి 1829 వరకు సాగినది. ఝాంసింగు ఆలయమునకు కొద్ది దూరముననే ఝాంసింగు మసీదు కలదు. ఒకే సేనాని పేరున ఒక గుడియు, ఒక మసీదును ఇట్లు ఇరుగుపొరుగుగా నిలిచియుండుట ఈ బస్తీ ప్రత్యేకత. ఉదయమున ఆ గుడికి పోవు దండయు, సాయంకాలము దర్గామీద కప్పు పూలచాదరును, రాత్రి పెండ్లికొమరుని ముఖము మీద వ్రేలాడు సెహ్రాయును ఒకే బజారులో, పెక్కుసార్లు ఒకే చేతిమీద, తయారగుచున్నవి. పూవునకు మతము లేదని ఉపన్యసించుట సులభము. ఇక్కడ ఉపన్యాసముతో పని లేకయే ఆ సంగతి జరిగిపోవుచున్నది.

ఆ బజారు ఇక్కడ మొదటినుండియు ఉన్నది కాదు. పూర్వము నగరపు పూలబజారు మొజంజాహీ మార్కెటు దగ్గర జాంబాగులో ఉండెడిది. జాంబాగనగా జామతోట యని అర్థము చెప్పుకొందురు. తోట పోయిన చోట పూలబజారైనను మిగిలినదిగదా యని నగరవాసులు సంతోషించుచుండిరి. కాని ఊరు పెరిగినది. పూలబండ్లు నిలుచుటకు నడిబజారున చోటు చాలలేదు. 2009 ప్రాంతమున బజారును గుడిమల్కాపూరు వ్యవసాయ మార్కెటు ఆవరణకు తరలించిరి. ఆ యేటనే మెహిదీపట్నమునుండి ఆరాంఘరు వరకు పి. వి. నరసింహారావు పేరిట పొడవైన పైవంతెన తెరువబడినది. వంతెనమీద విమానాశ్రయమునకు పరుగెత్తువారు ఈ బజారు సమీపముననే పోవుదురు. వారిలో ఒక పదిమందియైనను ఒక ఉదయము క్రిందికి దిగి చూడవలెనని మా కోరిక.

ఇక్కడ తెల్లవారుట సూర్యునితో కాదు. రాత్రి మూడవ జాము దాటగానే వ్యానులు, ఆటోలు, చిన్న లారీలు రాసాగును. గోనెసంచులలో బంతి, వెదురుబుట్టలలో మల్లె, తడిగుడ్డ కప్పిన తట్టలలో కనకాంబరము, అట్టపెట్టెలలో గులాబి. చేవెళ్ళ, మొయినాబాదు, శంకరపల్లి, షాబాదు దిక్కులనుండి వచ్చునవి కొన్ని. బెంగళూరు, హోసూరులనుండి రాత్రియంతయు ప్రయాణము చేసి వచ్చునవి కొన్ని. అడ్తిదారు సంచి మూతి విప్పి గుప్పెడు పూలు పైకి తీసి చూపును. హర్రాజు మొదలగును. తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసిన గొంతులు ఒకదానిమీద ఒకటి ఎక్కును. ధర తేలులోపల సంచి భుజమెక్కును. ఇదంతయు దీపాల వెలుతురున జరుగును. తూరుపు తెల్లబడునప్పటికి సగము వసంతము అమ్ముడుపోయి, నగరపు నాలుగు మూలలకు బయలుదేరియుండును.

కిందటి యేడు ఉగాదికి ముందునాడు, గోదావరి తీరమునుండి వచ్చిన మా మేనత్తను, ఆమె మనుమని వెంటబెట్టుకొని మేము ఈ బజారునకు పోయితిమి. ఆమె ఏబది యేండ్లుగా ప్రతిదినము పూలు కట్టిన మనిషి. పూలరాశుల నడుమ నిలిచి, చూచి చూచి, “ఇన్ని పూలు ఒక్కచోట చూడడం ఈ జన్మకి ఇదే” అని కొంతసేపు మాట్లాడక ఊరకుండెను. పిదప గేటు దగ్గర మల్లెచెండ్లు పెట్టుకొని కూర్చున్న ఒక ముసలమ్మ నడిగెను. “మూర ఎంతమ్మా?”

“ఇయ్యాల పిరం పెద్దమ్మా. పండుగ గదా. ఎల్లుండి రా, అగ్గువకిస్త.”

మా అత్తకు మాట యర్థము కాలేదు. మావంక చూచెను. పిరమనగా వెల హెచ్చనియు, అగ్గువ యనగా చవుకయనియు మేము చెప్పితిమి. ఆమె నవ్వి, “అయితే అది మన ప్రియమేగా” అనెను. నిజమే. మన నిఘంటువులలో అగ్గువ యున్నది. వెల ప్రియమన్న వాడుకయు ఉన్నది. పుస్తకములలో మనము మరచిన మాటలు తెలంగాణపు బజారులో ఇప్పటికిని చేతులు మారుచున్నవి. ప్రియమైనదే పిరమైనది. పూవు విషయమున ఇంతకంటె సరియైన మాట మరియొకటి లేదు.

మూర కొలతలో వచ్చు చిక్కు కూడ అక్కడ వచ్చినది. మూర యనగా మోచేతినుండి నడిమివేలి కొస వరకు. ఎవరి మోచేయి? ముసలమ్మది పొట్టిచేయి, మా అత్తది పొడుగుచేయి. “మీ చేతితో కొలిస్తే ఎట్లా, నా చేతితో కొలువు” అని అత్త పట్టుబట్టినది. “గట్లయితె మీ చేతి ధర చెప్తా” అని ముసలమ్మ నవ్వినది. చివరకు రెండు చేతులకు నడిమిగా ఒక బెత్తెడు కొసరుతో బేరము తెగినది. వేయి మెట్రిక్ కొలతలు వచ్చినను తెలుగువారి పూదండ నింకను శరీరమే కొలుచుచున్నది.

ఇంతలో మనుమడొక ప్రశ్న వేసినాడు. వానికి తొమ్మిదేండ్లు. “ఇన్ని పూలున్నాయి గదా, వీటి చెట్లేవి?”

ఆ ప్రశ్న పెద్దవారము మేము వేయవలసినది. దానికి జవాబు, బంతిసంచులమీద ఆనుకొని టీ త్రాగుచున్న ఒక రైతు చెప్పెను. “మా చెట్లు మొయినాబాదు దిక్కున్నయి బిడ్డా. రెండున్నర నెలల కింద నారు పోసినం. పండుగనాటికి పూయాలె. ముందుగాల పూస్తె అగ్గువకు పోతది, పండుగ దాటినంక పూస్తె పశువులకు కూడ పనికిరాదు.”

ఈ మాటలలో ఎంత గణితమున్నదో ఆలోచింపుడు. బంతి నాటిన పిదప పూయుటకు సుమారు రెండు నెలలు. అనగా ఉగాదినాటి తోరణమునకు మాఘముననే, మన మింకను దుప్పటి కప్పుకొని పరుండియున్న దినములలో, ఎవరో మడి కట్టి నారు నాటియుండవలెను. పండుగ ఏటేట ఒకే తేదీన వచ్చునా? రాదు. 2023లో ఉగాది మార్చి 22న వచ్చినది. ఆ సంవత్సరము అధిక శ్రావణము పడుటచేత, మరుసటి ఉగాది 2024 ఏప్రిలు 9కి జరిగినది. ఆ పై యేడు మార్చి 30, ఆ పైన 2026లో మార్చి 19. పంచాంగము చేత పట్టుకొని మనము రాశిఫలములు చూచుకొందుము. పూలరైతు నారు పోయు దినము చూచుకొనును. ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు ఆతనికి ఆ ఒక్క లెక్కలోనే తేలిపోవును. లెక్క తప్పిన యేడు, ధర పలుకక, సంచులకు సంచులు బజారుగేటు దగ్గర పారబోసి ఇంటికి పోయిన రైతులను గూర్చి పత్రికలలో అప్పుడప్పుడు చదువుచునేయున్నాము. పూవు దాచుకొన దగిన సరకు కాదు. ధాన్యము గాదెలో నుండును, పత్తి గోదాములో నుండును. మల్లెపూవు రేపటికి లేదు.

కావున గుడిమల్కాపూరును చూచుట యనగా కేవలము రంగులు, పరిమళములు చూచుట కాదు. వసంతమును తయారుచేయు చేతులను చూచుట. కొండవీటి వసంతమునకు అవచివారి మూట లెట్టివో, మన యిండ్ల వసంతమునకు ఈ గోనెసంచు లట్టివి.

బజారు చూచిన పిదప అతిథిని ఎక్కడెక్కడ త్రిప్పవలెను? కాముని పున్నమి మొదలు శ్రీరామనవమి వరకు గల ఇరువదినాలుగు దినములు ఈ ప్రాంతమున తిరుగుటకు మిక్కిలి అనువైనవి. అయితే ఒక హెచ్చరిక. మార్చి ముగియకముందే ఇక్కడి మధ్యాహ్నపు ఎండ మాడ్చివేయును. నగరవసంతము రెండు సంధ్యలలోనే యున్నది. ఉదయము తొమ్మిదింటిలోపల, సాయంకాలము అయిదింటి పిదప తిరుగవలెను. నడుమ వేళ ఇంటి నీడన మజ్జిగ త్రాగి విశ్రమింపవలెను.

మొదటిది హోళీ. తెలంగాణమున దీనిని కాముని పున్నమి యందురు. పల్లెలలో పిల్లలు కోలలు చేతబట్టి జాజిరి ఆడుచు ఇంటింటికి తిరుగుదురు. రాత్రి కాముని దహనము. మోదుగుపూలు మరిగించి తీసిన నారింజవన్నె నీరు పూర్వపు హోళీరంగు. నగరమున ధూల్‌పేట, బేగంబజారు, కార్వానులలో ఈ పండుగ సందడి అధికము. అంగడిలో దొరకు పొట్లములలోని రంగులకంటె గుప్పెడు ఎండు మోదుగుపూలు మేలు. రాత్రి నానవేసి, ఉదయము మరిగించి, వడబోసినచో చాలును. కంటికి మంట లేదు, చర్మమునకు చేటు లేదు. అతిథుల పిల్లలకు నేర్పదగిన మొదటి వసంతవిద్య ఇది.

రెండవది ఉగాది. ఆ ముందునాటి బజారులో మామిడాకుల మోపులు, వేపపూత కొమ్మలు, కొత్త కుండలు వీధి పొడుగునను పరచియుండును. కోస్తావారికి ఉగాదిపచ్చడి వ్రేలితో నాకునది. తెలంగాణమువారికి అది కొత్తకుండలో కలిపి గ్లాసులతో త్రాగునది. కొత్త చింతపండు పులుసు, బెల్లము, మామిడికాయ తురుము, వేపపువ్వు, కొందరిండ్లలో పుట్నాలు, కొబ్బరి కూడ. పక్కన వేడి వేడి భక్ష్యములు. మా అత్త మొదట ఆశ్చర్యపడి, రెండవ గ్లాసు తానే యడిగి పుచ్చుకొనెను. ఆ సాయంకాలము పంచాంగశ్రవణము వినుటకు ఏ గుడికి పోయినను మంచిదే. దగ్గరున్నవారికి ఝాంసింగు ఆలయము కలదు. చైత్రమాసమున దేవునకు దవనము సమర్పించుట ఆచారము గదా. పూలబజారులో ఈ దినములలో దవనపు కట్టలు వచ్చును. ఒక కట్ట కొని ఇంటనుంచినచో గదియంతయు రెండుదినములు వసంతముతో నిండియుండును.

మూడవది శ్రీరామనవమి. గుడిమల్కాపూరునకు దాపుననే సీతారాంబాగు ఆలయమున్నది. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున గనేరీవాలా పూరన్‌మల్ అను వర్తకప్రముఖుడు కట్టించిన ఈ విశాలమైన కోవెలలో నవమినాడు కల్యాణము చూచి, వడపప్పు పానకములు పుచ్చుకొని, సాయంకాలము గోలకొండ కెక్కవచ్చును. మూడువందలకు పైగా మెట్లు. ఎండ తగ్గిన పిదప ఎక్కుట మంచిది. భద్రాద్రి రామునకు గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా ప్రభువు బంధించియుంచిన చెర ఈ కోటలోనే చూపుదురు. తానీషా నాటినుండి వచ్చుచున్నదని చెప్పు ముత్యాల తలంబ్రాల సంప్రదాయము నేటికిని ప్రభుత్వము నెరవేర్చుచున్నది. రాముని పెండ్లినాడు రామదాసు చెరను చూచుట పిల్లలకు ఏ పాఠ్యపుస్తకమును చెప్పలేని పాఠము. మార్గమున కార్వానులో 1671లో ముగిసిన టోలీమసీదును, దాని గచ్చుపని సొంపును చూడ మరువరాదు. తిరుగుప్రయాణమున 1578 నాటి పురానాపూలు మీద ఒక నిమిషము నిలిచి మూసీవంక చూచినచో, ఈ నగరము పుట్టకముందే ఇక్కడ వంతెన యుండెనను సంగతి స్ఫురించును.

ఇంతవరకు వేడుక చెప్పితిమి. ఇక ఆ బాలుని ప్రశ్నకు మిగిలిన సగము జవాబు చెప్పవలసియున్నది. చెట్లెక్కడ నున్నవో రైతు చెప్పెను, ఎంతకాలముండునో చెప్పలేదు. మేము బయలుదేరునప్పుడు మాత్రము, “పక్క చేను ప్లాట్లయింది సారు. మాదింక ఎన్నేండ్లో” అని టీగ్లాసు క్రింద పెట్టెను.

1908 మూసీ వరదల పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలతో, నగరరక్షణకై రెండు జలాశయములు వెలసినవి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వాని ఎగువ ప్రాంతమును కాపాడుటకై 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువును వెలువరించి, 84 గ్రామములలో పెద్ద కట్టడములను, పరిశ్రమలను నిరోధించినది. 2022 ఏప్రిలులో 69వ నంబరు ఉత్తరువు ఆ కట్టుబాట్లను సడలించినది. ఆ యెనుబదినాలుగు ఊళ్ళలో మొయినాబాదు, శంకరపల్లి, చేవెళ్ళ దిక్కుల గ్రామములనేకము ఉన్నవి. భూమి అమ్ముకొను హక్కు తమకును ఉండవలెనని ఆ రైతులనుట న్యాయమే. ఇరువదియారేండ్లు నగరము త్రాగునీటి కొరకు వారు తమ భూముల ధరను త్యాగము చేసిరి. నగరము మాత్రము ఆ త్యాగమునకు వారి కేమిచ్చినది? పూవు పిరమైననాడు బేరమాడినది. అగ్గువైననాడు గేటు దగ్గర పారబోయించినది. బంతిసంచి ధరకును గజము నేల ధరకును నడుమ తూకము వేసినప్పుడు, ఏ రైతు త్రాసు ఎటు మొగ్గునో చెప్పుటకు పండితులక్కరలేదు.

చేలు పోయినచో పూలు రాకపోవు. బెంగళూరునుండి వచ్చును, అంతకంటె దూరమునుండియు వచ్చును. కాని వసంతము మరియొక మెట్టు వెనుకకు జరుగును. తోటనుండి బజారునకు, బజారునుండి పొరుగుచేనికి, చేనినుండి పొరుగురాష్ట్రమునకు. అప్పుడు తొమ్మిదేండ్ల పిల్లవాడు చెట్లేవని యడిగినచో, బిడ్డా మావేయని చెప్పుటకు బజారులో ఎవరును ఉండరు.

చెట్టును గూర్చి నిశ్చింతగా నుండరాదని వేపయే మనకొకసారి చెప్పినది. 2021లో తెలంగాణమంతటను వేపచెట్లు కొమ్మల కొసలనుండి ఎండసాగినవి. అది శిలీంధ్రము వలన వచ్చు కొసయెండు తెగులని శాస్త్రజ్ఞులు తేల్చిరి. వేపకే తెగులా యని జనులు నిర్ఘాంతపోయిరి. తరతరములుగా తెగుళ్ళకు మందైన చెట్టుగదా అది. తరువాత పెక్కుచెట్లు మరల చిగురించినవి. ఆ యేటి భయము మాత్రము మంచిదే చేసినది. అంతవరకు తలయెత్తి చూడనివారు తమ వీధి వేపను మొదటిసారి తలయెత్తి చూచిరి.

మన చేతిలో నున్న పని చిన్నది. గృహస్థులు చేయదగినవి మూడు చెప్పి ముగింతుము. మొదటిది, పూలు కొనునపుడు బేరము తగ్గించుకొనుట. తెల్లవారుజామున లేచిన పది చేతులు దాటి మన చేతికి వచ్చిన మూరమల్లెలో మనము మిగుల్చుకొను రెండు రూపాయలు ఎక్కడనో ఒక మడిని ప్లాటువంకకు నెట్టును. రెండవది, పండుగకు ఒక దినము ముందే గాక పండుగ మరునాడు కూడ పూలు కొనుట. దేవునకు విదియనాడును పూజ యుండును. ఆనాడు రైతునకు గిరాకి యుండదు. మూడవది, వాకిట కుండీలోనైన ఒక మల్లెతీగ, వీలున్నచోట ఒక వేపమొక్క పెట్టి, ఇంటికి వచ్చిన పిల్లలచేత నీరు పోయించుట.

వచ్చే ఉగాదికి మీ యింటికి బంధువులు వచ్చినచో, వారిని ఒక్కనాడు కోడికూతకు లేపుడు. ఊరు మేల్కొనకముందే గుడిమల్కాపూరు గేటు దగ్గర నిలుపుడు. సంచులు దించువారిని, హర్రాజు పాడువారిని, దండలు గ్రుచ్చు వేళ్ళను చూపుడు. పూవు ధర అడిగినప్పుడు ఎవరైన పిరమనినచో, ఆ మాటకు రెండర్థములున్నవని వారికి చెప్పుడు. మొదటి యర్థము వారి సంచిలో నుండి పైకము తీయించును; రెండవది వారితో ఊరికి పోవును.